నాయిన పేర్చిన ఆట

నా కొడుకు నరేష్‌కు సూర్యాపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మధ్యాహ్నం వాడికి అన్నం డబ్బా నేనే పట్టుకుపోతాను. ఇంట్లో వండింది ఉండగా హోటల్లో తిని వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. డబ్బా అందించి ఊరికే తిరిగిరాను కూడా. వాడు ఖాళీ చేసేదాకా ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాను, లేకపోతే సగం తిని మళ్లీ ఏదో ఫోను విప్పుకుంటాడు. మొన్న అట్లా కూర్చున్నప్పుడే బల్ల మీద విప్పి పడేసిన ఫోన్ల నడుమ ఒక బూడిదరంగు డబ్బా కనిపించింది. అరచేతి కంటే కాస్త పెద్దది, ఇటుకలాగా మందం. పైన పాచిపట్టిన నీళ్ల రంగు అద్దం. కింద ఎడమ పక్క కూడిక గుర్తులాంటి నల్ల మీట, కుడి పక్క నేరేడు పండు రంగులో రెండు గుండ్రటి మీటలు. నా చేయి దానంతట అదే పోయింది. "ముట్టుకోకు అమ్మా, గిరాకిది" అన్నాడు వాడు. నేను వినలేదు. వెనక్కి తిప్పి, సెల్లులు వేసే మూత మీద బొటనవేలు ఆనించి నొక్కి జరిపాను. మూత వచ్చేసింది.

"దాని మూత గట్ల తీయాల్నని నీకెట్ల ఎరుక?" వాడు అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"మా నాయినకుండె."

"తాతకా? మిల్లుల హమాలీకి గేమ్ బాయా? ఊకో అమ్మా, ఆ రోజుల్ల హైదరాబాదుల షావుకార్ల పిల్లలకే దొరకకపోతుండె."

వాడు నన్ను నమ్మలేదు గాని, దాని గొప్ప మాత్రం అన్నం తినడం మానేసి చెప్పాడు. నాకు అర్థమైనంత రాస్తాను. జపాను నుంచి వచ్చిందట. అంతకు ముందు ఇట్లాంటి ఆటలు ఆడాలంటే టీవీకి తీగలు పెట్టాలి, లేకపోతే ఆటల దుకాణంలో పెద్ద పెట్టె ముందు నిలబడి ఆడాలి. చేతిలో పట్టేవి ఉన్నా, ఒక్కో దాంట్లో ఒక్కటే ఆట. ఇది వచ్చాక వెనక క్యాసెట్ మారిస్తే చాలు, ఆట మారేది. దానికి పోటీగా వేరేవాళ్లు రంగుల అద్దం పెట్టి, లోపల లైటు పెట్టి, ఇంకా గొప్పవి తెచ్చారట. అవి చూడ్డానికి బాగుండేవి గాని సెల్లులు తినేసేవి. దీంట్లో రంగు లేదు, లైటు లేదు. సన్న సెల్లులు నాలుగు వేస్తే మాత్రం బాగా నడిచేది, చేయి జారి కింద పడ్డా పగిలేది కాదు. దీన్ని చేసిన ఆయన కావాలనే అప్పటికే పాతబడి, చవకై, అందరికీ తెలిసిపోయిన సామాన్లతో చేశాడట. ఆయన పేరు వాడు చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు. ఉన్న సామానుతోనే పని కానిచ్చాడంటే నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది. రంగులవన్నీ మూలకు పోయాయి, ఇది దేశదేశాలు తిరిగింది, ఇప్పుడు అందరూ ఫోన్లలో ఆడుతున్నారంటే ఆ అలవాటుకు మొదలు ఇదేనని వాడి మాట.

అంతలో ఒంటిపూట బడి విడిచిపెట్టారు. నా కూతురి కూతురు శ్రీజ సంచి భుజాన వేసుకుని వచ్చి, మామ చేతిలోని ఆట డబ్బా గుంజుకుని వెలుతురుకు తిప్పింది. పైనుంచి ఇటుకలు పడే ఆట. అది ఇటుకలను ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ ఒక అంచున నిలువుగా సందు వదిలింది. మా నాయిన కూడా అట్లాగే సందు వదిలేవాడు. "గట్లనే ఉంచు బిడ్డా, గట్లనే" అన్నాను. ఇంతలో పొడుగు ఇటుక వచ్చింది. శ్రీజ దాన్ని నిలబెట్టి ఆ సందులోకి దింపింది. నాలుగు వరుసలు ఒక్కసారిగా మెరిసి మాయమయ్యాయి. "సూసినవా అమ్మమ్మా!" అని అది ఎగిరింది. నేను ఖాళీ అన్నం డబ్బా సర్దుకుని ఇంటికి వచ్చేశాను. చదివింది ఏడో తరగతి వరకే అయినా, శ్రీజ పాత పుస్తకాల వెనక మిగిలిన తెల్ల కాగితాలు పారేయడానికి చేతులు రాక దాచిపెట్టినవి ఉన్నాయి. వాటి మీద ఇది రాస్తున్నాను.

మిర్యాలగూడలో మేము రైసుమిల్లుల వెనక కిరాయికి ఉండేవాళ్లం. ఒక గది, ముందు రేకుల పంచ. పొద్దున లేవగానే మొదటి పని బూడిద ఊడ్చడం. మిల్లుల పొగగొట్టాల నుంచి ఊక బూడిద సన్నగా, నల్లగా రాలి బోర్లించిన గిన్నెల మీద, తీగ మీది బట్టల మీద, మంచినీళ్ల బిందె మూత మీద పేరుకునేది. మూత తుడవకుండా నీళ్లు ముంచితే అమ్మ చేతిలో ఏది ఉంటే దాంతో వేసేది. పగలంతా ఉడికిన వడ్ల వాసన వీధినిండా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకు మాత్రం ఆ వాసన ఆగిపోతేనే భయం, మిల్లు ఆగిందన్న మాట. పొయ్యిలోకీ ఊకే. ఇనుప డబ్బా పొయ్యి నడుమ కర్ర నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, కర్ర మెల్లగా గుంజితే బొక్క పడేది. ఆ బొక్కలోంచి వచ్చే మంట మీదే అన్నం, పప్పు, స్నానాల నీళ్లు. కర్ర గుంజేటప్పుడు చేయి వణికితే ఊకంతా కూలేది. నేను కూల్చేదాన్ని కాదు.

మా నాయిన లింగయ్య ఆ మిల్లుల్లోనే హమాలీ. బస్తాలు మోసేవాళ్లు ఎంతోమంది ఉంటారు గాని, వాటిని దొంతిగా పేర్చేవాళ్లు తక్కువ. మోసుకొచ్చినవాడు భుజం వంచి బస్తా దింపితే, పైన నిలబడ్డ నాయిన కొక్కెంతో గుంజి దాని జాగాలో వేసేవాడు. కింది వరుసలో బస్తా నిలువుగా ఉంటే పై వరుసలో అడ్డంగా, ఒకదాని నోరు ఇంకోదాని నడుం మీద పడేటట్టు పేర్చాలి. దొంతి ఎక్కడా బయటికి వంగకూడదు. గాలి ఆడటానికి అక్కడక్కడ సందు వదలాలి, లేకుంటే లోపలి వడ్లు వేడెక్కి రంగు మారతాయి. ఇంట్లో కూడా ఆయనకు అదే బుద్ధి. బొంతలు మడతపెడితే అంచుకు అంచు కలవాలి. కంచాలు బోర్లించినా చిన్నది పెద్దదాని మీద సరిగ్గా నడుమ ఉండాలి. అమ్మ కావాలనే ఒక కంచం వంకరగా పెట్టి, ఆయన అన్నం తింటూ తింటూ లేచిపోయి సర్దడం చూసి నవ్వేది.

ఒకనాడు లారీకి లోడు ఎత్తే తొందరలో ఎవరో ఒక దొంతి నడుమ నుంచి బస్తా గుంజారు. ఆ దొంతి నాయిన కట్టింది కాదు. ఆయన దాని పక్క నుంచి నడిచిపోతుంటే మీద కూలింది, అంతే. పెద్ద దవాఖానలో చాలా రోజులు ఉంచుకుని, నడుం దగ్గర నరం దెబ్బతిన్నది, పడుకునే ఉండాలి, చూద్దాం అని పంపారు. ఇంటికి మంచం మీదే వచ్చాడు. చేతులు, మెడ, మాట అన్నీ ముందటిలాగే ఉన్నాయి. నడుం కింద మాత్రం ఆయన లేడు. వాళ్ల జట్టు మేస్త్రి సైదులు వచ్చి, "కొత్త వడ్లు వచ్చేదాకా నీ జాగల ఎవ్వన్ని పెట్ట లింగన్నా. అప్పటికి లేసి నిలబడు, సాలు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో కడుపులో బిడ్డలాగా పెరిగింది. అమ్మ ఇరుగుపొరుగుకు అదే చెప్పేది. ఎనిమిదో తరగతికి నన్ను ఊళ్లోని పెద్ద బడికి పంపాలి. "మీ నాయిన లేసి జట్టుల కలిస్తే నువ్వు బడికి, లేకుంటే లేదు. దేవునికి దండం పెట్టుకో" అని నాతో కూడా అదే.

ఆ దినాల్లోనే మా మేనమామ వెంకన్న ఆ డబ్బా తెచ్చాడు. ఆయన కోదాడ లారీ మీద డ్రైవరు. బియ్యం లోడుతో బొంబాయి పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒక వింత సామాను పట్టుకొచ్చేవాడు. "బావా, మంచంలో పొద్దు పోవాలి గదా, అందుకని తెచ్చా. జపానుదంట, గట్టిగా ఉంటుంది" అని నాయిన గుండెల మీద పెట్టాడు.

"ఉంటుందట, ఉంటుంది!" అమ్మ వెక్కిరించింది. "కోదాడల నాలుగు దినాలుంటే ఆంధ్రోని లెక్క మాట్లాడవడ్తివి. ఆటబొమ్మ తెచ్చినవు గని తమ్మీ, దీంతోని కాళ్లొస్తయా?"

"కాళ్లు రావక్కా. ఆయన నీ మొకం ఒక్కటే సూస్తా పడుకుంటే కళ్లు కూడా పోతయ్" అన్నాడు మామ. నాయిన దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి నవ్వాడు.

దాంట్లో లైటు లేదు గదా, వెలుతురు పడితేనే అద్దం కనిపించేది. అందుకని మా ఇంట్లో కొత్త పని మొదలైంది. పొద్దున అమ్మ తలవైపు, నేను కాళ్లవైపు పట్టి మంచాన్ని పంచలోకి జరిపేవాళ్లం. ఎండ ఎక్కితే గోడ వారకు, పొద్దు వాలితే మళ్లీ వాకిలికి. కాళ్లవైపు తేలిక అని నాకు అది ఇచ్చేది అమ్మ. మంచం గడప మీద ఎగిరినప్పుడు నాయిన కాళ్లు రెండూ నా వైపు జారి వచ్చేవి. వాటిని మళ్లీ సర్ది, అంచుకు అంచు కలిపి, దుప్పటి కప్పేదాన్ని.

ఆట చూపించింది మామే. ఇటుకలు పడుతుంటే నాయిన కళ్లు ఎట్లా అయ్యాయో నాకు ఇప్పటికీ తెలుసు. మీటలు అలవాటు కావడానికి ఒక పూట పట్టింది. తరువాత ఒక వరుస నిండింది, మెరిసింది, పోయింది.

"అరే! ఏవి? నా బస్తాలేవి?" నాయిన తల ఎత్తబోయాడు.

"నిండితే పోతుంది బావా. అదే ఆట."

"నిండితే పోవుడేందిర? నిండితే నిలవాలె గని! పేర్చినోడు పేరుస్తుండంగనే ఎత్తుకపోయెటోడెవడు?"

"ఎవ్వడూ లేడు బావా. పోతేనే నీకు లాభం. పైదాకా వస్తే ఓడినట్టు."

"పైదాక రాకుంటే దొంతెట్లయితది? లారీ మీద తిరిగి తిరిగి నీ తలకాయ తిరుగుతున్నది వెంకన్నా, నీకీ పని తెల్వది."

మామ నుదురు కొట్టుకుని లారీ ఎక్కాడు. నాయిన ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. ప్రతి వరుసలో ఒక్క ఇటుకంత సందు వదిలితే వరుస పోవడం లేదు. దొంతికి గాలి సందు వదలడం ఆయనకు కొత్త కాదు. ఆనాటి నుంచి ఆయన ఆట అదే. సందు మీద సందు పడేటట్టు ఒక అంచున నిలువుగా వదిలి, మిగతాదంతా గోడలాగా కట్టేవాడు. పొడుగు ఇటుక వస్తే దాన్ని ఎప్పుడూ అడ్డంగానే, కింది రెండు ఇటుకల అతుకు మీద పడేటట్టు వేసేవాడు. దొంతి అద్దం పైఅంచును తాకి ఆట ఆగిపోతే, అప్పుడు మోగే సంగీతం ఓడిపోయినందుకని ఆయనకు తెలియదు. "అయిపోయె. ఇగ లోడుకు తాడు కట్టుకోన్రి" అని డబ్బా నాకిచ్చి, సక్కగా వచ్చిందా లేదా అడిగేవాడు. లోకంలో ఎంతమంది ఆడి ఉంటారో ఆ ఆట, ఓడిపోవడం కోసం అంత ఒద్దికగా ఆడిన మనిషి ఇంకొకరు ఉంటారనుకోను.

సెల్లులు అయిపోతే మామ మళ్లీ వచ్చేదాకా కొత్తవి రావు. వాటిని రేకుల మీద ఎండలో పెట్టడం నా పని. వేడెక్కిన సెల్లులు కొంగులో పట్టి తెచ్చి వేస్తే అద్దం మసకగా వచ్చేది, ఒకటి రెండు దొంతులకు సరిపోయేది. ఎండ లేని నాడు రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దేదాన్ని. అమ్మ ఒకవైపు విసుక్కుంటూనే, రేకుల మీద నీడ పడితే "ఏయ్ పద్మా, సెల్లులు జరుపు" అని పొయ్యి దగ్గర నుంచి అరిచేది.

పొద్దున ముఖం కడిగించాక అమ్మ నాయిన అరికాలు గోటితో నొక్కి, "తెలుస్తున్నదా?" అని అడిగేది. "తెలుస్తున్నది" అనేవాడు. "నిన్నటికంటె ఎక్కువనా?" అంటే "ఎక్కువనే" అనేవాడు. అమ్మ ముఖం వెలిగేది. నేను మంచం కాళ్లవైపు ఉండేదాన్ని కాబట్టి నాకు కనిపించింది. ఆయన తన కాలును చూడడు, అమ్మ భుజాన్ని చూస్తాడు. భుజం కదిలితే "తెలుస్తున్నది" అంటాడు. ఒకనాడు అమ్మ నొక్కబోయి, ఈగ వాలితే దాన్ని తోలడానికి చేయి ఊపింది. గోరు ఇంకా కాలికి తగలనే లేదు. "తెలుస్తున్నది" అన్నాడు నాయిన. అమ్మ చేయి అక్కడే ఆగింది. తరువాత అమ్మ మెల్లగా నొక్కి, "నిన్నటికంటె ఎక్కువనా?" అని అడిగింది. ఆయన "ఎక్కువనే" అన్నాడు. ఆ మాట అడగకుండా ఉండటం ఆమెకు చేతకాలేదు. చెప్పకుండా ఉండటం ఆయనకు చేతకాలేదు.

వరికోతలు మొదలయ్యాక ఒక సాయంత్రం సైదులు మేస్త్రి వచ్చాడు. తువ్వాలతో స్టూలు దులుపుకుని కూర్చుని, బీడీ ముట్టించబోయి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నాయిన డబ్బా ఆయన ముఖం ముందు పెట్టాడు.

"సూడు సైదన్నా, చెయ్యి పోలే. దొంతి సూడు, ఏడన్న వంగిందా?"

"చెయ్యి పోయిందని ఎవ్వడన్నడు లింగన్నా. నీ చెయ్యి పోవుడేంది."

"ఇంద, నువ్వు కట్టు."

మేస్త్రి చేతులు పెద్దవి. ఆ డబ్బా వాటిలో అగ్గిపెట్టెలాగా ఉంది. రెండు వరుసలు కష్టపడి నింపాడు, రెండూ పోయాయి. "అయ్యో, ఇదేంది, కట్టింది కట్టినట్టు మాయమాయె!" అన్నాడు. నాయిన కడుపు పట్టుకుని నవ్వాడు. "సందు ఇడువాలె మేస్త్రీ, సందు! ముప్పై ఏండ్లు మేస్త్రిగిరి చేసి అంత తెల్వదా?" ఇద్దరూ తలలు దగ్గరపెట్టుకుని, ఒకరు తిప్పుతుంటే ఒకరు చెబుతూ, వెలుతురు పోయి అద్దం కనిపించకుండా అయ్యేదాకా కట్టారు. మేస్త్రి లేచి వాకిలి దాటాక అమ్మ వెంట పోయింది, నేను అమ్మ వెంట.

"కొత్త వడ్లు దిగుతున్నయి వదినె" అన్నాడాయన నేల చూస్తూ.

"ఇంకో నాలుగు దినాలు ఆగరాదే అన్నా. పాదం తెలుస్తున్నదంటుండు."

"నేనాగుత. బండ్లు ఆగయి గద."

అంతకంటే ఆయన ఏం అనగలడు? ఆయనను తిట్టుకోవడానికి కూడా మాకు ఏమీ దొరకలేదు. అమ్మ లోపలికి వచ్చాక నాయిన, "ఏమన్నడు?" అని అడిగితే, "పైలంగ ఉండుమన్నడు" అని ఆమె పొయ్యిలో ఊక దట్టించింది.

ఈ మధ్య మిర్యాలగూడ పోయినప్పుడు ఒక మిల్లు గేటు ముందు నిలబడి చూశాను. బస్తాలు తిరిగే పట్టా మీద వాటంతట అవే పైకి పోతున్నాయి. పైన బీహారు పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పేరుస్తున్నారు. తలకు గట్టి టోపీలు ఉన్నాయి. మంచిదే. మా శ్రీజకు ఆట ఓడిపోతే ఒక మీట నొక్కితే మళ్లీ మొదలవుతుంది, దానికి ఎండలో సెల్లులు పెట్టే పని లేదు, మంచం జరిపే పని లేదు. ఎంతసేపైనా ఆడుతుంది. నేను అరిచి ఫోను గుంజుకుంటాను. ముసలిదానికి ఆట అంటే పడదని అనుకుంటుంది. అనుకోనీ. ఇటుకలు పడుతుంటే దాని కళ్లు కూడా మా నాయిన కళ్లలాగే అవుతాయి. ఆ కళ్లు నేను ఎక్కువసేపు చూడలేను. ఇది దానికి చెప్పి ఏం ప్రయోజనం? ఇప్పుడు అన్నీ తేలికయ్యాయి, కాదనను. తేలిక కాని రోజుల్లో మేం గట్టివాళ్లమని కొందరు అంటుంటారు. గట్టి ఏమీ కాదు. ఏం చేయాలో తెలియక ఊరుకున్నాం.

మేస్త్రి వచ్చిపోయిన రెండో పొద్దు, వడ్ల లారీల మోత వీధి చివరి నుంచి వినిపించింది. నాయిన డబ్బా ముట్టుకోలేదు. పంచలో పడుకుని ఆ మోత వింటున్నాడు. చాలాసేపయ్యాక నన్ను పిలిచాడు.

"బిడ్డా, పోయి సూసి రా. నా జాగల ఎవడు కడుతుండో."

పోయాను. మిల్లు గోడ మీదుగా కనిపించింది. నాయిన నిలబడే చోట ఒక పిల్లగాడులాంటి మనిషి, సన్నగా, చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. బస్తా అందుకుని, కొక్కెంతో ఒక్క గుంజు గుంజి, మోకాలితో తోసి జాగాలో వేస్తున్నాడు. దొంతి అప్పటికే మనిషెత్తు దాటింది. వంకర పోవాలని చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు చూసినా అది వంకర పోలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయిన తల నా వైపే తిప్పి ఉన్నాడు.

"ఎవడు?"

"ఎరుక లేదు నాయినా. కొత్తోడు."

"దొంతెట్లున్నది?"

అబద్ధం చెబుదామని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆయన ముఖం చూశాక రాలేదు. "సక్కగున్నది" అన్నాను.

"నీ కండ్లతోని సూసినవా? అంచు వంగలే?"

"వంగలే."

"మంచిగాయె" అన్నాడు. మళ్లీ అన్నాడు, "మంచిగాయె. కూలది." డబ్బా నా చేతికిచ్చి లోపల పెట్టమన్నాడు. దాన్ని ఆయన మళ్లీ అడగలేదు. ఎప్పుడో మామ వచ్చినప్పుడు అమ్మ తిరిగి ఇచ్చేసింది.

తెల్లవారి నేను బూడిద ఊడుస్తుంటే అమ్మ పక్కింటి నుంచి రెండు చేటలు తెచ్చింది. మిల్లులో నేల మీద పడిన గింజలు ఊడ్చి చెరిగే పనికి ఆడవాళ్లను తీసుకుంటారు. ఒక చేట నా చేతికిచ్చి, నా తలకు తన పాత చీర ముక్క గట్టిగా కట్టింది. "ఊక పడితే జుట్టు పాడైతది" అంది, అంతే. బడి మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. గడప దాటుతుంటే మంచం మీది నుంచి నాయిన పిలిచాడు.

"బిడ్డా, ఆ దొంతి పక్కన కూసోకు. ఎంత సక్కగ కట్టినా కూసోకు. దూరంగుండి చెరుగు."

"అట్లనే నాయినా" అన్నాను.

మిల్లు వాకిట్లో ఎండ అప్పటికే ఎక్కింది. నీడ ఉన్నది ఆ దొంతి పక్కనే. ఆడవాళ్లందరినీ అక్కడే కూర్చోబెట్టారు.